స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర టక్ మంటోంది, లోయర్ బాల్ జాయింటేనా?

నిమ్మతోట_పొదలకూరు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బండి 2013 స్విఫ్ట్ డీజిల్, 1,38,000 తిరిగింది. రోజూ పొదలకూరు నుంచి నెల్లూరు, వారంలో రెండు మూడు సార్లు రాపూరు వైపు తోటల్లోకి. డిక్కీలో నిమ్మకాయల బస్తాలు ఉంటాయి, అందుకని తిట్టకండి, మా ఇంట్లో ఇప్పటికే తిడుతున్నారు.

రెండు నెలలుగా ముందు ఎడమవైపు నుంచి టక్ అని సౌండ్. స్పీడ్‌లో రాదు. స్పీడ్ బ్రేకర్ మీద నిదానంగా ఎక్కి దిగేటప్పుడు ఒకసారి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీసేటప్పుడు ఒకసారి. పొద్దున చలికి కీచుమని కూడా అంటుంది, పాత తలుపు తీసినట్టు. హైవే ఎక్కితే ఏమీ ఉండదు గానీ 80 దాటాక స్టీరింగ్ కాస్త అటూ ఇటూ పోతున్నట్టు అనుమానం. అనుమానమే.

టౌన్‌లో ఒక గ్యారేజీలో చూపించాను. మొదట స్టెబిలైజర్ లింకులన్నారు (మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఆపే బారుని చక్రం వైపుకి కలిపే పుల్లలు), రెండు వైపులా మార్చారు. సౌండ్ పోలేదు. తర్వాత స్ట్రట్ మౌంట్ అన్నారు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్ట్రట్టు పైన రబ్బరు దిమ్మ), అదీ మార్చారు. వారం రోజులు తగ్గినట్టు అనిపించి మళ్ళీ మొదలు. ఇప్పటికి 5,200 పోయింది. నిన్న వెళ్తే స్టీరింగ్ ర్యాక్ మార్చాలంటున్నారు. వాళ్ళు చెప్పిన రేటు వినగానే బండి తీసుకుని ఇంటికొచ్చేశాను. మా బావమరిది లోయర్ బాల్ జాయింట్ అయ్యుంటుంది అంటాడు. ఆయన చెప్పిందల్లా నిజమైతే ఈపాటికి మేమందరం కోటీశ్వరులం, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

గ్రీజుచేతులు · శనివారం రాత్రి 9:40

అన్నా, ర్యాక్ జోలికి పోవద్దు. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నా, మీకు జరిగింది వారానికి ఒకరికైనా జరుగుతుంది. సౌండ్ విని పార్టు చెప్పేవాడి దగ్గర డబ్బులివ్వొద్దు. ముందు వైపు ఇనుమంతా ఒకదానికొకటి బిగించి ఉంటుంది, ఎడమవైపు వచ్చిన చప్పుడు కుడివైపు వినపడుతుంది, కింద వచ్చింది డ్యాష్‌బోర్డులో వినపడుతుంది. కంటితో చూడాలి, చేత్తో పట్టి చూడాలి.

రేపు ఆదివారమే కదా, ఇంటి దగ్గర మీరే చూసుకోవచ్చు. గట్టి నేల మీద బండి పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టండి. జాకీ బాడీకి పెట్టే చోటే పెట్టి ఎత్తి, కింద స్టాండ్ పెట్టండి. ఒట్టి జాకీ మీద వదిలేసి తల లోపల పెట్టొద్దు, ఇది మాత్రం నవ్వుతూ చెప్పట్లేదు. చక్రం గాల్లో వేలాడాలి. ఇప్పుడు చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికి బయటికి ఊపండి. మీరు ఊపుతుంటే ఇంకొకరు పడుకుని లోయర్ ఆర్ము (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే ఇనుప చెయ్యి) చివర, నకిల్‌తో (చక్రం హబ్బుని పట్టుకుని ఉండే ఇనుప దిమ్మ) కలిసే చోట, అంటే బాల్ జాయింటు దగ్గర చూడాలి. ఆడేది ఎక్కడో ఆయన చెప్పాలి, మీరు కాదు.

ఆ తర్వాత ఆర్ముకీ నకిల్‌కీ మధ్య పొడుగు రాడ్డు పెట్టి మెల్లగా పైకి కిందికి మీటండి. జాయింటు బాగుంటే రెండూ కలిసి కదులుతాయి. అరిగిపోయి ఉంటే ఆర్ము ఒక దారి, నకిల్ ఒక దారి, మధ్యలో టక్. మీరు వినే టక్కు అదేనా కాదా అన్నది అప్పుడే తెలిసిపోతుంది.

నిమ్మతోట_పొదలకూరు · శనివారం రాత్రి 9:55

పైనా కిందా పట్టి ఊపితే చక్రం బేరింగ్ లూజున్నా ఆడుతుంది కదన్నా? గ్యారేజీలో ఒక పిల్లాడు ఊపి బేరింగ్ కూడా పోయిందేమో అన్నాడు.

గ్రీజుచేతులు · శనివారం రాత్రి 10:03

మంచి ప్రశ్న. మీరు ఊపుతుండగా లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కించండి. బేరింగ్ ప్లే, అంటే లూజు అయితే బ్రేక్ తొక్కగానే ఆగిపోతుంది, ఎందుకంటే డిస్కూ హబ్బూ నకిల్‌కి పట్టేసుకుంటాయి. బాల్ జాయింట్ ప్లే అయితే బ్రేక్ తొక్కినా అట్లాగే ఉంటుంది. పక్కలకి పట్టుకుని, అంటే గడియారంలో 9, 3 ఉండే చోట పట్టి ఊపితే ఆడేది స్టీరింగ్‌ని చక్రానికి కలిపే రాడ్డు చివర్లు, టై రాడ్ ఎండో లోపలి ర్యాక్ ఎండో. మూడూ వేరు వేరు. ఇంత చూడటానికి పావుగంట పట్టదు.

దర్శి_ఇన్నోవా · శనివారం రాత్రి 10:31

మధ్యలో వస్తున్నా ఏమనుకోవద్దు. నా పాత ఇన్నోవాకి సరిగ్గా ఇట్లాగే గాల్లోకి ఎత్తి ఊపి చూశారు, ఏమీ ఆడలేదు, బాగుంది పొమ్మన్నారు. రెండు వారాలకి అద్దంకిలో ఇంకో మేస్త్రి చూసి రెండు వైపులా పోయాయి అన్నాడు. మార్చాక చూస్తే నిజంగానే చేత్తో తిప్పితే పిన్ను గలగలా తిరుగుతోంది. మరి మొదట ఎందుకు దొరకలేదు?

గ్రీజుచేతులు · శనివారం రాత్రి 10:58

మీ బండీ ఆయన బండీ ఒకటి కాదన్నా. స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకి ముందు స్ట్రట్ ఉంటుంది, బండి బరువంతా స్ప్రింగు మీదుగా స్ట్రట్టు మోస్తుంది, కింద బాల్ జాయింటు చక్రాన్ని దాని చోట పట్టి ఉంచడానికే. అందుకని చక్రాన్ని గాల్లో వేలాడదీస్తే చాలు, ప్లే దొరుకుతుంది. ఇన్నోవాకి పైనొక ఆర్ము, కిందొక ఆర్ము, స్ప్రింగు వచ్చి కింది ఆర్ము మీద కూర్చుంటుంది. అంటే బరువు మోసేది కింది బాల్ జాయింటే. బాడీకి జాకీ వేసి ఎత్తితే స్ప్రింగు ఆర్ముని కిందికి తోస్తూనే ఉంటుంది, జాయింటు ఒక పక్కకి బిగుసుకుని ఉండిపోతుంది, లూజు ఉన్నా కనపడదు. అట్లాంటి బండికి జాకీని కింది ఆర్ము కిందే, బాల్ జాయింటుకి వీలైనంత దగ్గరగా పెట్టి ఎత్తాలి. అప్పుడు స్ప్రింగు బలం జాకీ మీద పడి జాయింటు ఫ్రీ అవుతుంది.

విప్పేటప్పుడు కూడా అంతే. మీ బండికి ఆర్ము కింద జాకీ లేకుండా బాల్ జాయింటు వదిలిస్తే ఆర్ము కిందికి ఒక్క తన్ను తంతుంది. అక్కడ ఎవరి చెయ్యి ఉంటే వాళ్ళది పోతుంది.

కావలి_కుర్రాడు · ఆదివారం ఉదయం 7:20

ఎందుకన్నా ఇంత టెన్షన్. నా బండి ఏడాది నుంచి టక్ టక్ అంటూనే ఉంది, కావలి నుంచి ఒంగోలు రోజూ పోయొస్తున్నా. పాటలు సౌండ్ పెంచితే వినపడదు 😄

ఒంగోలు_గిత్త · ఆదివారం ఉదయం 8:05

కావలి తమ్ముడూ, నేను కూడా సరిగ్గా నీలాగే సౌండ్ పెంచినవాడినే. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు తిరిగి తిరిగి రోడ్డు ఎట్టా ఉంటుందో నీకు తెలుసు కదా. మా చిన్నాన్న బండి వేసుకుని క్వారీ వైపు పోయి, మలుపు తిరిగి గుంతలోకి చక్రం దించా. పట్టుమని 15 స్పీడ్ కూడా లేదు. ఫట్ మని ఒక చప్పుడు, బండి ముందు మూల కిందికి కూలబడింది. దిగి చూస్తే ఎడమ చక్రం బయటికి మడిచిపెట్టుకుని ఉంది, ఎద్దు మోకాలు వేసినట్టు. బాల్ జాయింటు గిన్నెలోంచి గుండు ఊడి వచ్చేసింది. డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు నుంచి బయటికొచ్చి నూనె కారుతోంది, బ్రేకు గొట్టం సాగిపోయి ఉంది, ఫెండరు నలిగింది. వెనక గ్రానైట్ దిమ్మెతో వస్తున్న లారీ ఆయన దూరంలోనే ఆపాడు కాబట్టి ఈరోజు టైపు చేస్తున్నా.

అదే హైవే మీద టంగుటూరు దాటాక 100లో జరిగుంటే? ఊహించుకో. జాయింటు మార్చడానికి అయ్యేదానికి నాలుగింతలు అయింది, పైగా చిన్నాన్నతో మాటలు. ఆయన ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అందరి ముందూ చెప్తాడు.

కావలి_కుర్రాడు · ఆదివారం ఉదయం 8:11

సరే అన్నా, చూపిస్తా. భయపెట్టేశారు పొద్దున్నే.

నిమ్మతోట_పొదలకూరు · ఆదివారం మధ్యాహ్నం 12:47

చూశాను. స్టాండు లేకపోతే పక్కింటి పంచర్ షాపాయన దగ్గర తెచ్చుకున్నా. మా వాడు ఇంటర్ చదువుతున్నాడు, వాడిని కింద గోనెపట్టా వేసి పడుకోబెట్టి నేను ఊపాను. వాడు ఫోన్ పెట్టి స్లో మోషన్‌లో వీడియో తీశాడు. అన్నా, కళ్ళతో చూస్తే అనుమానంగా ఉంది గానీ వీడియోలో స్పష్టంగా ఉంది. చక్రం లోపలికి వచ్చినప్పుడల్లా నకిల్ జరుగుతోంది, ఆర్ము కదలట్లేదు, మధ్యలో పిన్ను మాత్రం ఊగుతోంది. బ్రేక్ తొక్కించాను, మా ఆవిడే కూర్చుంది, అయినా అంతే. రాడ్డు పెట్టి మీటితే అదే టక్, నాకు రెండు నెలల నుంచి వినపడేది.

జాయింటుని కప్పి ఉండే రబ్బర్ బూటు లోపలి వైపు పగిలి ఉంది. బయట నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, వేలు పెట్టి వెనక్కి నొక్కితే నోరు తెరుచుకుంది. లోపల గ్రీజు లేదు, ఎర్ర బురద. మా తోట మట్టి రంగే. ఎడమ టైరు లోపలి అంచు కూడా బయటికంటే అరిగి ఉంది, ఇన్నాళ్ళూ గమనించనేలేదు.

అంటే లింకులూ, మౌంటూ, ఆ 5,200 వట్టివేనా?

గ్రీజుచేతులు · ఆదివారం మధ్యాహ్నం 1:15

1,38,000 తిరిగిన బండికి లింకులు కొత్తవి పడితే నష్టమేం లేదులే అన్నా, అనుకుని వదిలెయ్యండి. ముందు చూడాల్సింది వెనక చూశారు, అంతే.

ఆ ఎర్ర బురదే అసలు సంగతి. బాల్ జాయింటు లోపల ఏముంటుంది, ఒక ఉక్కు గుండు, దాని చుట్టూ ప్లాస్టిక్ గిన్నె, కాస్త గ్రీజు. ఇప్పటి చిన్న కార్లకి చాలావాటికి గ్రీజు నిప్పిల్ ఉండదు, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజుతోనే బతకాలి. బూటు బాగున్నన్నాళ్ళూ ఏళ్ళ తరబడి వస్తుంది. బూటు పగిలిందా, వాన నీళ్ళూ ఇసకా లోపలికి పోయి గ్రీజుతో కలిసి సాన పట్టే ముద్దలాగా తయారవుతుంది, ఇక గుండుని అదే అరగదీస్తుంది. మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు నిలిచినప్పుడు బండి దించిన వాళ్ళు రెండు నెలలకి నా దగ్గరకొస్తారు. కీచుమనే సౌండు గ్రీజు అయిపోయిందని, టక్కుమనే సౌండు లోపల ఖాళీ వచ్చిందని. మీకు రెండూ వచ్చాయి.

పాతబండి_ప్రేమ · ఆదివారం మధ్యాహ్నం 2:02

ఆర్ము మొత్తం ఎందుకన్నా దండగ. ఆటోనగర్‌లో బాల్ మాత్రమే కొట్టి బయటికి తీసి కొత్తది ప్రెస్ చేసి ఇస్తారు, సగం కూడా అవ్వదు. మా ఫ్రెండుకి చేయించా, వదులుగా ఉందని చుట్టూ నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలు కూడా పెట్టి ఇచ్చారు, గట్టిగా ఉంది.

గ్రీజుచేతులు · ఆదివారం మధ్యాహ్నం 2:30

ఆ వెల్డింగ్ చుక్కలే వద్దనేది. గుండు చుట్టూ ఉండేది ప్లాస్టిక్ గిన్నె అని పైనే చెప్పా. దాని ఒడ్డున వెల్డింగ్ పెడితే గిన్నె కరిగి, గ్రీజు కాలి, బూటు అంచు మాడిపోతుంది. కొత్త జాయింటు ఆ రోజే సగం ముసలిదైపోయింది. పైగా వదులుగా ఉందంటేనే ఆర్ములో రంధ్రం సాగిపోయిందని అర్థం, దాంట్లోకి కొత్తది ప్రెస్ చేయడమే తప్పు.

బాల్ విడిగా మార్చుకునేటట్టు తయారుచేసిన బండ్లు ఉన్నాయి, కాదనను. కొన్నింటికి మూడు బోల్టులతో వస్తుంది, కొన్నింటికి ప్రెస్ చేసి సర్‌క్లిప్ వేస్తారు, కొన్నింటికి ఫ్యాక్టరీ రివెట్లు డ్రిల్ చేసి తీసి కొత్తదానికి బోల్టులిస్తారు. వాటికి బాల్ ఒక్కటే మార్చడం సరైన పనే. ఈయన బండికి ఆర్మూ జాయింటూ కలిపి ఒకే పార్టుగా వస్తుంది, ఆర్ము లోపలి వైపు ఉండే రెండు రబ్బరు బుష్షులు కూడా కొత్తవి కలిసొస్తాయి. 1,38,000కి ఆ బుష్షులు కూడా ముసలివే కదా.

పాతబండి_ప్రేమ · ఆదివారం మధ్యాహ్నం 2:41

మా ఫ్రెండుది ఎనిమిది నెలలైంది, ఏమీ కాలేదు మరి.

ఒంగోలు_గిత్త · ఆదివారం మధ్యాహ్నం 2:44

నాది కూడా చీమకుర్తి దాకా ఏమీ కాలేదు అన్నా.

బుచ్చి_టీచరమ్మ · ఆదివారం సాయంత్రం 5:18

నమస్తే అండి. నాది కూడా చిన్న కారే, బుచ్చిరెడ్డిపాళెం నుంచి కోవూరు స్కూలుకి వెళ్ళొస్తాను. మీరు చెప్పిన టక్ టక్ నాకూ ఉంది గానీ నాది వరసగా వస్తుంది, గతుకుల రోడ్డు మీద టకటకటకా అని. స్పీడ్ బ్రేకర్ ఒక్కటే దిగితే రాదు. నాదీ ఇదేనా? ఇంకోటి, పార్టు మనమే కొనుక్కోవాలంటే అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? పోయినసారి క్లచ్ ప్లేట్ విషయంలో మోసపోయాను.

గ్రీజుచేతులు · ఆదివారం సాయంత్రం 6:05

టీచరమ్మగారూ, చిన్న చిన్న గతుకుల మీద వరసగా కొట్టుకునేది చాలాసార్లు స్టెబిలైజర్ లింకు అవుతుంది. కానీ నేను ఫోన్‌లో సౌండ్ విని చెప్తే ఇందాక తిట్టిన గ్యారేజీ వాడికీ నాకూ తేడా ఏముంది? ఒకసారి బండి తీసుకురండి, ఎత్తి చూద్దాం.

పార్టు సంగతి. కంపెనీ స్పేర్స్ కౌంటర్లో ఛాసిస్ నంబరు చెప్పి తీసుకుంటే ఎడమ కుడి తికమక కూడా ఉండదు. బయట మంచి బ్రాండ్లు కూడా ఉన్నాయి, చెడ్డవని అనను, కానీ పెట్టె చూసి కొనొద్దు, పార్టు బయటికి తీయించి చూడండి. కొత్త బాల్ జాయింటు పిన్నుని వేళ్ళతో తిప్పితే బిగుతుగా, ఎక్కడా తట్టుకోకుండా తిరగాలి. గలగలా ఆడినా, మధ్యలో గరుకుగా పట్టినా వద్దు. బూటు మెత్తగా ఉండాలి, నొక్కితే గీతలు పడకూడదు, అంచున రింగు సరిగ్గా కూర్చుని ఉండాలి. డూప్లికేట్ వాటికి ముందు పోయేది ఆ బూటే.

మైపాడు_కెరటం · ఆదివారం రాత్రి 8:22

సముద్రం వైపు బండ్లున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మాకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి తిరిగి కింద బోల్టులన్నీ ఉప్పు పట్టి తుప్పుముద్దలు. నేను ఈ పని చేయించినప్పుడు మార్చడానికి అరగంట, ఆ ఒక్క బోల్టు తీయడానికి మూడు గంటలు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి, పొద్దున లేచి మళ్ళీ ఒకసారి కొట్టండి. పొదలకూరు అంటే ఉప్పు ఉండదు గానీ వయసు ఉంది కదా బండికి. బోల్టూ నట్టూ కొత్తవి ముందే కొని పెట్టుకోవడం మంచిది, విరిగితే ఆదివారం పూట యాడ దొరుకుతాయి?

నిమ్మతోట_పొదలకూరు · ఆదివారం రాత్రి 9:30

ఆర్ములు రెండు వైపులా తీసుకోవాలా ఒక్క ఎడమదే చాలా? కుడిది చూశా, ఆడట్లేదు, బూటు బాగానే ఉంది.

దర్శి_ఇన్నోవా · ఆదివారం రాత్రి 9:37

రెండూ ఒకేసారి మార్చెయ్యాలంటారందరూ. నేను రెండూ మార్చా.

గ్రీజుచేతులు · ఆదివారం రాత్రి 9:50

షాక్ అబ్జార్బర్ అయితే జతగా మార్చమని నేనే చెప్తా. బాల్ జాయింటుకి ఆ పట్టింపు అక్కర్లేదు. కుడిది ఆడకపోతే, బూటు పగలకపోతే ఉంచండి, అలైన్‌మెంట్‌కి పోయినప్పుడల్లా ఒకసారి చూడండి. మార్చితే తప్పు లేదు, జేబుని బట్టి. నాకు రెండు అమ్మితే లాభం, అయినా చెప్తున్నా.

గురువారం నాకు ఖాళీ ఉంది, నా షెడ్డుకి తీసుకురండి. ఈలోపు ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళ కోసం ఎట్టా చేస్తామో రాస్తున్నా, కాస్త పొడుగు అవుతుంది.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ముందు వైపు రెండు పక్కలా ఎత్తి స్టాండ్ల మీద పెడతాం. ఒక్క పక్కే ఎత్తితే స్టెబిలైజర్ బారు మెలితిరిగి ఆర్ముని లాగుతుంటుంది, బోల్టులు సులువుగా రావు. చక్రం తీశాక స్టెబిలైజర్ లింకు వదిలించాలి. ఈ బండికి బాల్ జాయింటు పిన్ను నకిల్ చెవుల మధ్య దూరి ఉంటుంది, అడ్డంగా ఒక బోల్టు దాన్ని బిగిస్తుంది, పిన్ను మీద గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. కాబట్టి బోల్టు పూర్తిగా బయటికి తీస్తే తప్ప పిన్ను రాదు, వదులు చేసి సుత్తితో బాదుతూ కూర్చుంటే పొద్దు పోతుంది. బోల్టు తీశాక చెవుల మధ్య సందులో స్క్రూడ్రైవరు పెట్టి రవ్వంత తెరిచి, ఆర్ముని పొడుగు రాడ్డుతో కిందికి నొక్కితే దిగుతుంది. రవ్వంత అన్నా. చెవిని ఎక్కువ తెరిస్తే నకిల్ చిట్లుతుంది, అప్పుడు ఈ ఖర్చు చిల్లర అనిపిస్తుంది.

ఇంకో రకం బండ్లకి పిన్ను చివరికి పోయేకొద్దీ సన్నబడుతూ ఉండి, కింద గాడుల నట్టు, స్ప్లిట్ పిన్ను ఉంటాయి. దానికి పుల్లర్ వాడాలి. పుల్లర్ లేకపోతే నట్టు రెండు మరలు ఉంచి, పిన్ను కూర్చున్న ఇనుప కన్నుని పక్క నుంచి గట్టిగా రెండు దెబ్బలు కొడితే వదులుతుంది. పిన్ను మర మీద మాత్రం కొట్టొద్దు. బిగించేటప్పుడు రంధ్రం కుదరకపోతే నట్టు ఇంకాస్త ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పి స్ప్లిట్ పిన్ను దూర్చేవాళ్ళున్నారు, అది ప్రమాదం. పాత స్ప్లిట్ పిన్ను మళ్ళీ వాడకండి, రెండు రూపాయల వస్తువు.

జాయింటు వదిలాక నకిల్‌ని బయటికి లాగకండి, డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఊడుతుంది. బ్రేకు గొట్టం మీదా, ఏబీఎస్ వైరుంటే దాని మీదా బరువు పడకూడదు. తర్వాత ఆర్ము లోపలి వైపు బుష్షు బోల్టులు తీస్తే ఆర్ము చేతికొస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడే అందరూ తప్పు చేసేది. బుష్షు రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది, మెలితిరిగి పని చేస్తుంది. బండి గాల్లో ఉన్నప్పుడు ఆర్ము కిందికి వేలాడుతుంది, అప్పుడే గట్టిగా బిగిస్తే, బండి దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. అందుకని చేత్తో పట్టేంత వరకే బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక పూర్తిగా బిగించాలి. టార్క్ ఎంతన్నది మీ మోడల్ మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి, పక్కబండిది వాడొద్దు.

కావలి_కుర్రాడు · సోమవారం ఉదయం 6:58

అన్నా మా ఇంట్లో టాటా ఏస్ పాతది కూడా ఉంది, దానికీ బాల్ జాయింటు చూడాలా?

గ్రీజుచేతులు · సోమవారం ఉదయం 7:30

పాత ఏస్‌కి ముందు కట్టలూ (పట్టీల స్ప్రింగులు) గట్టి యాక్సిలూ, దానికి కింగ్‌పిన్ను (చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు పిన్ను) ఉంటుంది, బాల్ జాయింటు కాదు. ఊపి చూసే పద్ధతి అదే, మందు వేరు, గ్రీజు గన్ను పట్టుకుని నిప్పిల్స్‌కి వరసగా కొట్టుకో. నీ కారు ఎప్పుడు చూపిస్తావో చెప్పు ముందు.

నిమ్మతోట_పొదలకూరు · గురువారం రాత్రి 8:44

అయిపోయింది. ఉదయం 10కి మొదలుపెట్టి మధ్యాహ్నం 1 దాటింది, అందులో గంటన్నర ఆ ఒక్క బోల్టుకే. మైపాడు అన్న చెప్పినట్టు రాత్రి స్ప్రే కొట్టి పెట్టా, అయినా నట్టు వచ్చింది గానీ బోల్టు నకిల్ చెవిలో పట్టేసింది. గ్రీజుచేతులన్న పానా పెట్టి ముందుకో పావు, వెనక్కో పావు తిప్పుతూ, మధ్యలో స్ప్రే, మధ్యలో టీ, నిదానంగా లాగాడు. తొందరపడి ఒకేసారి తిప్పి ఉంటే విరిగేదే. బయటికొచ్చాక చూస్తే బోల్టు నడుము సన్నబడి ఉంది, కొత్తది ముందే కొనుక్కుని పోవడం మంచిదైంది.

పాత ఆర్ము బల్ల మీద పెట్టి పిన్నుని ఒక్క వేలితో తోస్తే అటు పడి టక్, ఇటు పడి టక్. కొత్తదాన్ని రెండు చేతులతో తిప్పినా కష్టంగా తిరుగుతోంది. రెండూ పక్కపక్కన చూశాక ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

బండి దించాక షెడ్డులో ఉన్న గుంట మీదికి తీసుకెళ్ళి, కింద నుంచి బుష్షు బోల్టులు టార్క్ రెంచితో బిగించారు. ఆర్ము, బోల్టు, నట్టు కలిపి 2,350, కూలి 600, అలైన్‌మెంట్ 400. అలైన్‌మెంట్‌లో టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బాగా తేడా చూపించింది, సరిచేశారు. వచ్చేటప్పుడు కావాలని ప్రతి స్పీడ్ బ్రేకరూ నిదానంగా దిగాను. వెనక ఆటో ఆయన హారన్ కొట్టి చంపాడు. సౌండ్ లేదు. 80లో స్టీరింగ్ కూడా నిలబడింది, అది అనుమానం కాదన్నమాట.

మైపాడు_కెరటం · గురువారం రాత్రి 9:02

పాత జాయింటు పారెయ్యలేదు కదా? కోయించి చూడన్నా, లోపల ఎట్టా ఉందో చూడాలని నాకు ఎప్పటి నుంచో.

నిమ్మతోట_పొదలకూరు · శనివారం సాయంత్రం 4:36

లేత్ షాపులో కోయించా. యాభై తీసుకున్నాడు, పిచ్చోడిలా చూశాడు. ప్లాస్టిక్ గిన్నె ఒక పక్క కాగితమంత పలచనైపోయి, రెండో పక్క మామూలుగానే ఉంది. గుండు మీద ఒకవైపు అద్దంలా మెరుపు, ఇంకోవైపు తుప్పు మచ్చలు గుంటలు పడి ఉన్నాయి. అడుగున తడి ఎర్రమట్టి, వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడింది. గుండు గిన్నె నోట్లోంచి బయటికి రావడానికి ఇంకెంతో దూరం లేదు, లేత్ మేస్త్రి చేత్తో గట్టిగా లాగితే వచ్చేట్టుంది. ఒంగోలన్నా, మీ చిన్నాన్నకి నా తరఫున నమస్కారం.

బుచ్చి_టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 12:10

నేను కూడా ఈరోజు వెళ్ళి చూపించాను. ఎత్తి, ఊపి, రాడ్డు పెట్టి అన్నీ చూశారు, నన్నే కింద కూర్చుని చూడమన్నారు. బాల్ జాయింట్లు రెండూ గట్టిగా ఉన్నాయి. కుడివైపు లింకు ఒక్కటి పోయింది, అది మార్చి 900 తీసుకున్నారు. ఎడమ జాయింటు బూటు మీద సన్నటి పగుళ్ళు మొదలయ్యాయట, ఇంకా తెరుచుకోలేదు, వానాకాలం ముందు మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. చీర కొంగుకి గ్రీజు అంటింది, అది ఎలా పోతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గ్రీజుచేతులు · ఆదివారం మధ్యాహ్నం 12:34

తడపకముందే అంట్లు తోమే సబ్బు రాసి పదినిమిషాలు ఉంచి ఉతకండి టీచరమ్మగారూ. మా ఇంట్లో రోజూ ఇదే పని. కావలి తమ్ముడూ, నీ బండి ఇంకా రాలేదు.

కావలి_కుర్రాడు · ఆదివారం మధ్యాహ్నం 12:50

మంగళవారం అన్నా. పాటలు ఆపేసే నడుపుతున్నా, రెండు వైపులా వస్తోంది.